రెండు కిలోల తేడా

2022 మే 19. టర్కీలోని ఇస్తాంబుల్‌లో మహిళల ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. 52 కిలోల విభాగం ఫైనల్. ఒక మూల థాయ్‌లాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుతామస్, రెండో మూల మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు. బౌటు ముగిశాక ఇద్దరు జడ్జీల కాగితాల మీద 30-27 అని, ముగ్గురి కాగితాల మీద 29-28 అని ఉంది. ఐదుగురూ నిఖత్ పక్షమే. 5-0. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖల తర్వాత ప్రపంచ విజేత అయిన ఐదో భారతీయ మహిళ ఆవిడ.

గుంటూరు నుంచి తెనాలి పోయే రైలుదారిలో వేజెండ్ల దాటితే వచ్చే స్టేషన్ సంగం జాగర్లమూడి. నాది ఆ ఊరే. బడిపిల్లలకు ఆటలు నేర్పడం నా వృత్తి. మా వైపు పిల్లలు కబడ్డీ ఆడతారు, వాలీబాల్ ఆడతారు, ఇప్పుడైతే ఎక్కడ చూసినా క్రికెట్టే. బాక్సింగ్ మాకు టీవీలో కనబడే ఆట. అయినా ఈ సాయంత్రం బాక్సింగ్ గురించే మాట్లాడాలనుకున్నాను. ఎందుకంటే గెలుపు వార్త పేపర్లో వేసేటప్పుడు పతకం రంగు రాస్తారు, ప్రత్యర్థి పేరు రాస్తారు. పక్కన చిన్న అంకె ఒకటి ఉంటుంది, 50 కిలోలనో 52 కిలోలనో. మనం దాన్ని దాటేసి చదువుతాం. నిఖత్ జరీన్ కథ నడిచిందంతా ఆ చిన్న అంకె మీదనే అని నా అభిప్రాయం.

దుగ్గిరాల యార్డులో పసుపు బస్తా కాటాకు పెట్టినప్పుడు తూకం పెరిగితే రైతు ముఖం వికసిస్తుంది. బాక్సర్ విషయంలో ఇదంతా తలకిందులు. పొద్దున్నే కాటా ఎక్కాలి. రాసుకున్న విభాగం కంటే ఒక్క పిసరు ఎక్కువ చూపించినా ఆ రోజు బౌటు లేనట్టే, టోర్నమెంటే లేనట్టు. అందుకని ముందు రెండు మూడు రోజుల నుంచి అన్నం తగ్గుతుంది, ఉప్పు తగ్గుతుంది, ఆఖరున మంచినీళ్లు కూడా ఆగిపోతాయి. వేడి బయటికి పోకుండా ఒంటిని కప్పేసే ప్లాస్టిక్ సూటు వేసుకుని పరుగెత్తుతారు. ఆవిరి గదిలో కూర్చుంటారు. నోట్లో ఊరిన ఉమ్మి కూడా మింగకుండా ఊసేసేవాళ్లున్నారు. అదీ ఒక పది ఇరవై గ్రాములే కదా అని. ఇలా ఎండబెట్టిన ఒంటితోనే కాటా దిగి, కాసిని నీళ్లు తాగి, కాస్త తిని, కొన్ని గంటల్లో రింగులోకి వెళ్లాలి.

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు అక్కచెల్లెళ్లలో మూడోది. తండ్రి జమీల్ అహ్మద్ గారు కుర్రతనంలో ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవారు, తర్వాత ఉద్యోగానికి సౌదీ వెళ్లారు. పిల్లల చదువుల కోసం, ఆటల కోసం ఆ ఉద్యోగం వదిలి ఊరికి తిరిగొచ్చేశారు. తల్లి పర్వీన్ సుల్తానా గారు. నిఖత్ మొదట పరుగుపందెం పిల్ల. వంద మీటర్లు, రెండు వందల మీటర్లు. ఒకసారి ఆటల పోటీల్లో అన్నింటిలోనూ అమ్మాయిలు కనిపించారు, ఒక్క బాక్సింగ్ దగ్గర లేరు. ఇది మగపిల్లలు మాత్రమే ఆడే ఆటా అని నాన్నను అడిగింది. ఆయన కాదన్నారు. అనడంతో ఆగలేదు. ఊళ్లో షంషముద్దీన్ గారి దగ్గర చేర్చారు. నిజామాబాద్‌లో బాక్సింగ్‌కు పునాది వేసిన కోచ్ ఆయన. ఆయన కొడుకే మొహమ్మద్ హుసాముద్దీన్. 2018లోనూ 2022లోనూ కామన్వెల్త్ కాంస్యాలు, 2023లో తాష్కెంట్‌లో ప్రపంచ కాంస్యం గెలిచిన బాక్సర్. ఒక జిల్లా కేంద్రం నుంచి ఇద్దరు ప్రపంచ పతక విజేతలు రావడం మామూలు సంగతి కాదు. ఒక కోచ్ ఒక ఊళ్లో పట్టుదలగా నిలబడిపోతే ఏమవుతుందో దానికి అది సాక్ష్యం.

అక్కడ అబ్బాయిలతోనే సాధన. మొదట్లో ముఖం మీద దెబ్బలతో ఇంటికొస్తే తల్లి ఏడ్చింది. ఇలాంటి పిల్లను ఎవరు చేసుకుంటారని దిగులు పడింది. పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని కూతురే ఆవిణ్ణి సముదాయించింది. ఆడపిల్ల నిక్కర్లు వేసుకుని రింగులోకి దిగడమేమిటని బంధువులు అన్నారు. జమీల్ గారు ఆ మాటలు చెవిన వేసుకోలేదు. నాకు ఆ తండ్రి మీద ఎంత గౌరవమో చెప్పలేను. పిల్లల్ని గ్రౌండుకు పంపమని తల్లిదండ్రుల కాళ్లావేళ్లా పడ్డ నాబోటివాడికి ఆయన విలువ తెలుస్తుంది.

2009లో నిఖత్ విశాఖపట్నం వచ్చింది. అక్కడి స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారి శిక్షణ. విశాఖ బాక్సింగ్ అనగానే ఇంకో పేరు చెప్పుకోకపోతే అన్యాయం. నగిశెట్టి ఉష. 2008 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చింది. 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చేదాకా మనలో చాలామందికి ఆవిడ పేరే తెలియదు. అలా అప్పటికే దారి తొక్కి ఉన్న చోటికి నిఖత్ వెళ్లింది. రెండేళ్లు తిరిగేసరికి, 2011లో, టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పటికి వయసు పధ్నాలుగు. తర్వాత యూత్ ప్రపంచ పోటీల్లో రజతం. 2015లో సీనియర్ జాతీయ ఛాంపియన్.

ఇంత త్వరగా ఎదిగిన పిల్ల తర్వాత ఏళ్ల తరబడి ఎందుకు వెనకబడింది? ఒక కారణం గాయం. 2017లో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో భుజం తొలగింది. ఆపరేషన్, ఏడాది పాటు రింగుకు దూరం. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు రెండూ ఆవిడ లేకుండానే జరిగిపోయాయి. రెండో కారణం ఆ అంకె. అప్పట్లో నిఖత్ ఆడే విభాగం 51 కిలోలు. ఒలింపిక్స్‌కు ఒక్కో బరువులో దేశం నుంచి ఒక్కరే వెళ్తారు. భారతదేశంలో 51 కిలోల కుర్చీలో అప్పటికే మేరీ కోమ్ కూర్చుని ఉంది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత, ముగ్గురు కొడుకుల తల్లి, దేశమంతా ఆరాధించే మనిషి. మన పిల్లకు చిన్నప్పటి నుంచీ ఆదర్శం కూడా ఆవిడే.

2019 ఆగస్టులో ప్రపంచ పోటీలకు ట్రయల్స్ పెట్టకుండానే మేరీ కోమ్‌ను పంపాలని బాక్సింగ్ సమాఖ్య నిర్ణయించింది. తర్వాత ఒలింపిక్ అర్హత పోటీలకూ అదే పద్ధతి అన్న మాట వినిపించింది. అక్టోబరులో నిఖత్ అప్పటి క్రీడామంత్రి కిరణ్ రిజిజు గారికి బహిరంగ లేఖ రాసింది. తనను పంపమని కాదు ఆ లేఖ. ట్రయల్ పెట్టమని. ఇద్దర్నీ రింగులోకి దింపండి, గెలిచినవాళ్లను పంపండి అని. ఇరవై మూడేళ్ల పిల్ల దేశంలోకెల్లా పెద్ద బాక్సర్‌తో పోటీ అడిగినందుకు ఎన్ని మాటలు పడిందో అప్పటి పేపర్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పెద్దంతరం చిన్నంతరం లేదన్నారు. పేరు కోసం తాపత్రయమన్నారు. నాకు మాత్రం అందులో తప్పు ఏ కోశానా కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. పిల్లలకు గ్రౌండులో మొదట నేర్పేది అదే కదా: గీత దగ్గర అందరూ ఒకేసారి నిలబడాలి, ఈల వేశాక పరుగెత్తాలి.

డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచింది. బౌటు అయ్యాక కరచాలనం కూడా చేయలేదు. నిఖత్ ఓడిపోయింది, నిజమే. కానీ అడిగింది గెలుపును కాదు, బౌటును. అది దొరికింది. టోక్యో ఒలింపిక్స్ దారి అక్కడితో మూసుకుపోయింది. 2020లో కరోనా వచ్చి అందరికీ అన్నీ మూసేసింది. 2021 మార్చిలో ఇస్తాంబుల్ టోర్నమెంటులో ఇద్దరు మాజీ ప్రపంచ ఛాంపియన్లను, రష్యా అమ్మాయి పల్త్‌సెవాను, కజకిస్తాన్ అమ్మాయి కిజైబాయ్‌ను, వరసగా ఓడించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాంజా స్మారక పోటీల్లో టోక్యో రజత విజేత బుసె నాజ్ చకిరోగ్లుపై గెలిచి, స్వర్ణం పట్టుకొచ్చింది. ఆ తర్వాతదే మొదట చెప్పిన ఇస్తాంబుల్ ఫైనల్.

ఇక్కడ కాసేపు జపాన్ వెళ్లొద్దాం. ఇంత తేలికపాటి బరువుల్లో ప్రపంచమంతా తలతిప్పి చూసేలా చేసిన దేశం అది. యుద్ధంలో చితికిపోయిన జపాన్‌కు మొదటి ప్రపంచ బాక్సింగ్ టైటిల్ తెచ్చినవాడు యోషియో షిరాయ్. 1952లో. ఫ్లైవెయిట్, అంటే 112 పౌన్లు, మన లెక్కలో 51 కిలోలకు కొంచెం తక్కువ. దాదాపు నిఖత్ బరువే. ఆయనకు తర్ఫీదు ఇచ్చినవాడు ఆల్విన్ కాన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త. పదేళ్ల తర్వాత ఫైటింగ్ హరాడా పంతొమ్మిదేళ్లకే అదే ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ బరువు నిలబెట్టుకోవడం కష్టమై పైవిభాగానికి వెళ్లి, బ్రెజిల్ వీరుడు ఎడెర్ జోఫ్రేను 1965లోనూ 1966లోనూ ఓడించాడు. జోఫ్రే జీవితంలో ఇంకెవరి చేతిలోనూ ఓడలేదు.

ఇప్పుడు అక్కడ నవోయా ఇనోవె ఉన్నాడు. 1993 ఏప్రిల్ 10న కనగావాలోని జామాలో పుట్టాడు. తండ్రి షింగోయే గురువు. చిన్నప్పుడు తండ్రి ఇంట్లో సాధన చేస్తుంటే తనకూ నేర్పమన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మూలలో నిలబడే మనిషి ఆ తండ్రే. 2012లో ప్రొఫెషనల్ అయ్యాడు. ఆరో బౌటుకే, 2014లో, 49 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. అంత కిందికి బరువు దించుకోవడం ఒంటికి భారమవుతోందని ఆ ఏడాదే రెండు మెట్లు పైకెక్కి 52 కిలోల విభాగానికి వెళ్లాడు. డిసెంబరులో అర్జెంటీనా పెద్ద బాక్సర్ ఒమార్ నర్వాయెజ్‌ను రెండే రౌండ్లలో పడగొట్టేశాడు. ఆ తర్వాత 53.5 కిలోలు, ఆ తర్వాత 55 పైచిలుకు. ఈ రెండు విభాగాల్లోనూ నాలుగు సంస్థల బెల్టులూ ఒక్కడే కట్టుకున్నాడు. 2019లో సైతామాలో నొనీతో దొనైర్‌తో బౌటులో రెండో రౌండుకే కుడికంటి చుట్టూ ఎముక విరిగింది. ఒక మనిషి రెండుగా కనిపిస్తుంటే పన్నెండు రౌండ్లూ పూర్తిచేసి గెలిచాడు. 2024 మే 6న టోక్యో డోమ్‌లో లూయిస్ నెరీ మొదటి రౌండులోనే అతన్ని కిందపడేశాడు. జీవితంలో అతను రింగులో నేలకు తగలడం అదే మొదలు. లేచి నిలబడి ఆరో రౌండులో బౌటు ముగించాడు.

ఇనోవె గొప్పతనం ఎవరూ తీసేయలేనిది. కానీ రెండు సంగతులు గమనించండి. బరువు దించడం ఒంటికి ఇబ్బందైనప్పుడు పైవిభాగానికి వెళ్లే స్వేచ్ఛ అతనికి ఉంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఈ తేలికపాటి విభాగాల మధ్య రెండు మూడు కిలోలకు మించి తేడా ఉండదు. పైగా అక్కడ తూకం బౌటుకు ముందురోజు. కాటా దిగినవాడికి ఒక పగలూ ఒక రాత్రీ చేతిలో ఉంటాయి. గంజి తాగుతాడు, తింటాడు, నిద్రపోతాడు. ఒలింపిక్ బాక్సింగ్‌లో తూకం బౌటు రోజు పొద్దున్నే. గెలిస్తే మళ్లీ బౌటు ఉన్న ప్రతి పొద్దునా తూకమే.

మన నిఖత్‌కు ఇస్తాంబుల్‌లో బంగారం వచ్చింది 52 కిలోల్లో. ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు. పారిస్‌లో మహిళలకు పెట్టినవి 50, 54, 57, 60, 66, 75. మధ్యలో ఉన్నవాళ్లు అటో ఇటో తేల్చుకోవాలి. 54కు పోతే తనకంటే ఎత్తూ ఒడ్డూ ఉన్నవాళ్లతో తలపడాలి. 50కి దిగితే సొంత ఒంటితో తలపడాలి. ఆవిడ 50 ఎంచుకుంది. రెండే కిలోలు కదా అనిపిస్తుంది. కండ తప్ప కొవ్వన్నదే లేని ఒంట్లోంచి, ఏళ్ల తరబడి, ప్రతి టోర్నమెంటుకూ తీయాల్సిన రెండు కిలోలు అవి.

తీసింది కూడా. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల స్వర్ణం. నార్తర్న్ ఐర్లండ్ అమ్మాయి కార్లీ మెక్‌నాల్ మీద 5-0. 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఈ విభాగానికి కొత్త కాబట్టి సీడింగ్ లేదు, ఆరు బౌట్లు గెలవాల్సి వచ్చింది. ఆరూ గెలిచింది. ఫైనల్లో వియత్నాం అమ్మాయి న్గుయెన్ థీ తామ్‌పై 5-0. మేరీ కోమ్ తర్వాత ఒకటికంటే ఎక్కువసార్లు ప్రపంచ విజేత అయిన భారతీయ మహిళ ఆవిడే. ఆ ఏడాదే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, దాంతోపాటు పారిస్ బెర్తు.

పారిస్‌లో మళ్లీ సీడింగ్ లేదు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషికి సీడింగ్ లేకపోవడమేమిటని ఇక్కడ మనకు అనిపిస్తుంది, డ్రా తీసేవాళ్ల లెక్కలు వేరు. జులై 28న జర్మనీ అమ్మాయి మాక్సీ క్లెట్సర్‌పై గెలిచింది. ఆగస్టు 1న రెండో బౌటుకే ఎదురైంది చైనా అమ్మాయి వూ యు. టాప్ సీడ్. 52 కిలోల ప్రపంచ ఛాంపియన్. వూ యు చేతులు పొడుగు, కాళ్లలో వేగం. నిఖత్ దగ్గరికి చొరబడబోతే వెనక్కి జరిగి కొట్టింది, వెనక్కి జరిగితే ముందుకొచ్చి కొట్టింది. 0-5. ఓడిపోయి బయటికొచ్చిన నిఖత్ ఏడుస్తూ చెప్పిన మాటల్లో నన్ను నిలేసినవి ఇవి: రెండు రోజులుగా ఏమీ తినలేదట. నీళ్లు కూడా తాగలేదట. తూకం అయ్యాకే తాగిందట, ఒళ్లు తేరుకునే వ్యవధి లేకపోయిందట. ఓటమికి సాకుగా చెప్పలేదు, అభిమానులకు క్షమాపణ చెబుతూ చెప్పింది.

సరిగ్గా ఆరు రోజులకు అదే పారిస్‌లో కుస్తీలో, అదే 50 కిలోల అంకె దగ్గర, వినేశ్ ఫోగట్ ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీకే దూరమైంది. రాత్రంతా పరుగెత్తినా, జుట్టు కత్తిరించుకున్నా ఆ 100 గ్రాములు దిగలేదు. ఆ వార్త విన్నప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. నిఖత్ మాటలు మాత్రం అప్పటికే మరుగునపడ్డాయి. రెండూ ఒకే బాధ అని నాకనిపించింది. ఒకరు కాటా దగ్గర ఓడిపోయారు. ఇంకొకరు కాటాను గెలిచి, ఆ గెలుపుకు పెట్టిన ఖర్చు వల్ల రింగులో ఓడిపోయారు.

మనం టీవీ ముందు కూర్చుని, ఈరోజు పంచ్‌లో పస లేదు, కాళ్లు కదలడం లేదు అని తేల్చేస్తుంటాం. ఆ అమ్మాయి బౌటుకు ముందు ఎలా కూర్చుంటుందో ఒక్కసారి చూడండి. కోచ్ ముందు చెయ్యి చాపుతుంది. నాలుగు మీటర్ల పైన పొడుగున్న పట్టీ మణికట్టు చుట్టూ, వేళ్ల సందుల్లోంచి, బొటనవేలి మొదట్లోంచి, పిడికిలి ఎముకల మీదుగా పొరలుపొరలుగా చుడతారు. వదులైతే ఎముక చిట్లుతుంది, బిగువైతే రక్తం ఆడదు. దానిమీద గ్లోవ్, తలకు హెడ్‌గార్డ్, పళ్లకు రక్షణ. మగవాళ్లు 2013 నుంచి హెడ్‌గార్డ్ లేకుండా ఆడుతున్నారు, ఆడవాళ్లకు ఉంది. ఇంత రక్షణ ఉంది ఒంటికి. లోపల కాలిపోయిన కడుపుకు ఏ రక్షణా లేదు.

2024 సెప్టెంబరులో తెలంగాణ పోలీసు శాఖలో నిఖత్ డీఎస్పీ అయింది. పారిస్ తర్వాత కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంది. అంతర్జాతీయ బాక్సింగ్ పాలన కొత్త సంస్థ చేతికి వచ్చి, బరువు విభాగాలు మళ్లీ మారాయి. ఈసారి మార్పు ఆవిడకు కలిసొచ్చింది. 51 కిలోలు మళ్లీ వచ్చింది. అయినా దారి సాఫీ అయిపోలేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్లో పాత ప్రత్యర్థి బుసె నాజ్ చకిరోగ్లు 5-0తో ఓడించింది. నవంబరులో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్ జరిగాయి. 51 కిలోల ఫైనల్లో చైనీస్ తైపీ అమ్మాయి గువో యి షువాన్‌పై నిఖత్ 5-0తో గెలిచింది. సొంత బరువులో, సొంత దేశంలో.

ఆసియా క్రీడల్లో ఆవిడకున్నది హాంగ్‌జౌ కాంస్యం ఒక్కటే, అదీ 50 కిలోల రోజుల్లోది. తర్వాతి ఆసియా క్రీడలు 2026 సెప్టెంబరులో జపాన్‌లోని ఐచి-నగోయాలో. వెళ్లాలంటే ముందు ఇక్కడ జట్టులో చోటు దక్కాలి. ఈసారి ఆ విభాగంలో పెద్ద పేరు నిఖత్‌దే. వయసు మీరలేదు గానీ, వెనకాల పద్ధెనిమిదేళ్ల పిల్లలు, పంతొమ్మిదేళ్ల పిల్లలు వచ్చేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా ట్రయల్ కావాలని ఉత్తరం రాస్తే, రింగులోకి మొదట దిగేది నిఖతే అని నా నమ్మకం.